మొహం పీక్కుపోయిందని మందు మానేయాలా?

ఈ వారం ఉత్తరం రాసినావిడకి 47 ఏళ్లు. స్కూల్లో లెక్కల టీచర్. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. ఏడు నెలల క్రితం 91 కిలోలు ఉండేవారు, ఇప్పుడు 67. షుగర్‌నీ ఆకలినీ తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ డాక్టరు రాస్తే వారానికోసారి తీసుకుంటున్నారు. ఆకలి ఎలాగూ లేదు కదా అని తనంతట తానే రాత్రి భోజనం పూర్తిగా మానేశారు. మొదటి మూడు నెలల్లోనే 14 కిలోలు పోయాయి. ఇప్పటికీ వారానికి అరకిలో చొప్పున తగ్గుతూనే ఉన్నారు. షుగర్ అదుపులోకి వచ్చింది. మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు. మోకాళ్ల నొప్పుల మాటే మర్చిపోయారు.

ఉత్తరంలో ఇదంతా అరపేజీ. మిగతా మూడు పేజీలూ మొహం గురించే.

‘స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, ఏమీ అనుకోకండి, టెస్టులన్నీ చేయించుకున్నారా అని అడిగింది. కేన్సరేమోనని ఆవిడ అనుమానం. మావారు నవ్వుతూనే అన్నారు, లావుగా ఉన్నప్పుడే కళగా ఉండేదానివి అని. మా అక్క అయితే మొహం మీదే అనేసింది, అమ్మ ఆఖరి రోజుల్లో ఇలాగే ఉండేదే అని. ఆ రోజు నుంచీ అద్దం చూడాలంటే టెన్షన్. కణతలు గుంటలు పడ్డాయి, కళ్లు లోపలికి పోయాయి. ముక్కు పక్క నుంచి నోటి చివరి దాకా గీతలు తేలాయి. గడ్డం కింద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటే సంచిలా వస్తోంది, వదిలితే తీరిగ్గా వెనక్కి పోతోంది. రాత్రిళ్లు పడుకుని ఫోన్ కెమెరాలో మెడ చూసుకోవడం అలవాటైపోయింది.’

ఇప్పుడు ఆవిడ ముందు మూడు ఆలోచనలున్నాయి. ఇంజెక్షన్ మానేసి ఆరేడు కిలోలు మళ్లీ పెరగడం ఒకటి. ఒక బ్యూటీ క్లినిక్‌వాళ్లు చెప్పిన మెడ బిగించే మెషీన్ ప్యాకేజీ రెండోది, అదీ ‘ఈ నెల్లోనే చేరాలి’. బుగ్గల్లో ఫిల్లర్లు, అంటే ఖాళీని నింపే జెల్ ఇంజెక్షన్లు, మూడోది. నెలసరి కూడా ఏడాదిగా క్రమం తప్పుతోందట. ఇవన్నీ అయ్యాక, ఉత్తరం చివర రెండే లైన్లు: ‘ఇంకొక్క చిన్న విషయం. కుడి దవడ కింద పెద్ద గోలీ అంత ఏదో చేతికి తగులుతోంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.’

మీరు చిన్న విషయం అన్నదానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ ఆగగలవు.

అద్దం ముందు నిలబడి ఎడమ దవడ కింద కూడా అదే చోట తడిమి చూడండి. గడ్డానికీ దవడ మూలకీ మధ్యలో, ఎముకకి కాస్త లోపలగా, రెండు పక్కలా ఒక్కో లాలాజల గ్రంథి ఉంటుంది. ఇన్నేళ్లూ అది కొవ్వు కింద దాక్కుని ఉండి ఉంటుంది. పైనున్న పొర పోతే గ్రంథి చేతికి తగులుతుంది, ఒక్కోసారి కంటికీ కనిపిస్తుంది. మెత్తగా, రెండు వైపులా ఒకేలా ఉంటే చాలా మటుకు అదే. అయినా ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎలుకల మీద పరీక్షించినప్పుడు సెమాగ్లుటైడ్‌తో థైరాయిడ్‌లో గడ్డలు కనిపించాయి. మనుషుల్లో అలా జరుగుతుందని తేలలేదు కానీ, మెడలో గడ్డ తగిలినా, గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా చెప్పాలని ఆ మందు కాగితంలోనే హెచ్చరిక ఉంటుంది. డాక్టరు చేత్తో తడిమి చూస్తారు, అవసరమైతే అల్ట్రాసౌండ్ రాస్తారు. గట్టిగా రాయిలా ఉన్నా, ఒక్క వైపే ఉండి పెరుగుతున్నా, రెండు మూడు వారాలకీ తగ్గకపోయినా అసలు ఊరుకోకూడదు. ఇంట్లో కూడా చెప్పండి. రహస్యంగా దాచుకున్న గడ్డ రాత్రిపూట ఇంకా పెద్దదిగా అనిపిస్తుంది.

ఇక మొహం సంగతి.

మీకు జరిగినదాన్ని చాలామంది ‘చర్మం సాగిపోయింది’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. లోపల జరిగింది అంతకన్నా ఎక్కువ. మొహంలో కొవ్వు దుప్పటి పరిచినట్టు ఒకే పొరగా ఉండదు. 2007లో రాడ్ రోరిక్, జోయెల్ పెస్సా అనే అమెరికా డాక్టర్లు మృతదేహాల మొహాల్లోకి రంగు ఎక్కించి చూశారు. రంగు మొహమంతా పాకకుండా ఎక్కించిన అరలోనే ఆగిపోయింది. కణతలో ఒక అర, కంటి కింద ఒకటి, బుగ్గలో పైన కొన్ని, లోతుగా కొన్ని. చిన్న చిన్న దిండ్లు పక్కపక్కన పేర్చినట్టు. మధ్యలో చర్మాన్ని ఎముకకి పట్టి ఉంచే గట్టి పోగులుంటాయి. దిండ్లు నిండుగా ఉన్నంతకాలం ఈ పోగులు బయటికి తెలియవు. దిండు చదునైపోయిందనుకోండి, పోగు ఉన్న చోట చర్మం అంటుకునే ఉంటుంది, పక్కన కిందికి దిగుతుంది. ముక్కు పక్క గీత, దవడ అంచున వేలాడే చిన్న సంచి, కంటి కింద గాడి, అన్నీ అలా పుట్టినవే. మీ కణతలు గుంటలు పడటానికి కారణం కూడా ఇదే. అక్కడ దిండు మొదటి నుంచీ పల్చనే.

మెడది వేరే కథ. గడ్డం నుంచి కాలర్ ఎముకల దాకా పల్చటి కండ ఒకటి పరుచుకుని ఉంటుంది, ప్లాటిస్మా అంటారు. వయసుతో దాని అంచులు ముందువైపు విడిపోయి నిలువు తాళ్లలా తేలతాయి. ఇన్నాళ్లూ మీ డబుల్ చిన్ వాటిని కప్పిపెట్టింది. అది కరిగాక తాళ్లూ కనబడుతున్నాయి, ఖాళీ అయిన చర్మమూ కనబడుతోంది.

చర్మం తీరిగ్గా వెనక్కి పోతోందని రాశారు చూడండి, ఉత్తరం మొత్తంలో నాకు నచ్చిన పరిశీలన అది. చర్మాన్ని రబ్బరులా వెనక్కి లాగేది ఎలాస్టిన్ అనే పోగు. దాన్ని శరీరం ఎక్కువగా చిన్నతనంలోనే తయారు చేసుకుంటుంది. ఏళ్ల తరబడి సాగి, ఎండకి దెబ్బతిన్నాక కొత్తది సరిగా రాదు. చర్మానికి బలాన్నిచ్చే కొల్లాజెన్ మాత్రం కొంత తయారవుతూనే ఉంటుంది, కానీ నెలసరి ఆగిపోయిన తొలి అయిదేళ్లలో చర్మంలో అది సుమారు 30 శాతం తగ్గుతుంది. మీరు ఆ మలుపుకి దగ్గర్లోనే ఉన్నారు. అంటే బరువు తగ్గడం, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గడం రెండూ ఒకే ఏడాదిలో మీ మెడ మీద పడ్డాయి. పాతికేళ్ల అమ్మాయి ఇదే 24 కిలోలు తగ్గితే ఇంత తేడా కనిపించేది కాదు.

ఇందులో మందు తప్పు ఎంత? ‘ఓజెంపిక్ ఫేస్’ అని ఒక పేరు బాగా ప్రచారంలోకి వచ్చింది, మీరూ వినే ఉంటారు. ఓజెంపిక్ అంటే సెమాగ్లుటైడ్‌కి ఒక కంపెనీ పేరు. నాకా పేరంటే చిరాకు. పొట్ట తగ్గించే సర్జరీ చేయించుకున్నవాళ్లకీ, ఉపవాసాలతో గబగబా చిక్కినవాళ్లకీ ఇదే మొహం వస్తుంది, వాళ్లకెవరూ పేరు పెట్టలేదు. ఇక మీ విషయంలో నాకు అంకెలే అనుమానం తెప్పిస్తున్నాయి. షుగర్ ఉన్నవాళ్లలో ఇదే మందు పెద్ద డోసుతో 68 వారాల పాటు ఇచ్చి చూసిన పరీక్షలో సగటున తగ్గింది 10 శాతం లోపే. మీరు ముప్ఫై వారాల్లో 26 శాతం తగ్గారు. లెక్కల టీచరు మీరు, మిగతా 16 శాతం ఎక్కణ్నుంచి వచ్చిందో ఆలోచించండి. సగటుకి పైన తగ్గేవాళ్లు ఉంటారు, నిజమే. అయినా మీ మొహాన్ని ఇంతగా లాగేసింది ఇంజెక్షన్ కన్నా మానేసిన రాత్రి భోజనమే అని నా అనుమానం. ఆ సంగతి మీ డాక్టరుకి తెలుసా? ఉత్తరం చూస్తే తెలియదనే అనిపిస్తోంది. చెప్పండి. ఇంత వేగం చూస్తే థైరాయిడ్ లాంటివి ఓసారి పరీక్ష చేద్దామని వారు అనవచ్చు. ఇంజెక్షన్‌తో పాటు షుగర్ మాత్రలు కూడా వేసుకుంటుంటే, రాత్రి తిండి లేకుండా షుగర్ మరీ పడిపోయే ప్రమాదమూ ఉంది.

అంతమాత్రాన ఇంజెక్షన్ మీరే మానేయకండి. మానేస్తే ఏమవుతుందో చెప్తాను, ఆపైన మీ ఇష్టం. షుగర్ లేనివాళ్లలో ఈ మందు ఆపి చూశారు, ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. మీకు బరువుతో పాటు షుగరూ తిరిగొస్తుంది. ఆరేడు కిలోలు మాత్రమే పెంచుకుని ఆగుతాననుకుంటున్నారు, కానీ ఆకలి తిరిగొచ్చాక ఎక్కడ ఆగాలో నిర్ణయించేది మీరొక్కరే కాదు. పోనీ ఆగారే అనుకుందాం. ఆ ఆరు కిలోలు బుగ్గల్లోకే వెళ్లాలని మనం చెప్పలేం. మొహం కొంచెం నిండుతుంది, మిగతాదంతా పొట్ట దగ్గరికే చేరుతుంది. పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగితే చర్మం ఇంకోసారి సాగుతుంది.

నన్నడిగితే, మానేయడానికీ ఇలాగే సాగించడానికీ మధ్యలో ఒక దారి ఉంది: వేగం తగ్గించడం. ఇప్పుడు 67లో ఉన్నారు. ఇంకా తగ్గాలా, ఇక్కడ నిలబడితే సరిపోతుందా అన్నది డాక్టరుతో తేల్చుకోండి. నిలబడితే చాలంటే డోసు సర్దుతారు. రాత్రి భోజనం కొద్దిగానైనా మళ్లీ మొదలుపెట్టండి, అందులో ప్రోటీన్ ఉండేలా చూసుకోండి. తగ్గిన బరువంతా కొవ్వు కాదు. ఇలాంటి మందులతో తగ్గినదాంట్లో పావు వంతు నుంచి 40 శాతం దాకా కండ, నీరు లాంటివే పోతాయి. కిలో బరువుకి ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ అంటారు, మీకు రోజుకి 70, 80 గ్రాములు. తొమ్మిదేళ్ల షుగర్ కాబట్టి కిడ్నీ రిపోర్టు చూసుకున్నాకే ఆ లెక్క ఖాయం చేసుకోండి. బరువులెత్తే వ్యాయామం వారానికి రెండు మూడు సార్లు. దీనివల్ల బుగ్గలు నిండవు, ముందే చెప్తున్నాను. భుజాలు, మెడ నిలిచే తీరు మారుతుంది, ఆ ‘జబ్బు మనిషి’ రూపం చాలావరకూ అక్కడ పోతుంది. ఈపాటికి జుట్టు కూడా ఊడుతుండాలి, మీరు రాయలేదు. ఊడుతుంటే భయపడకండి. గబగబా తగ్గాక రెండు మూడు నెలలకి మొదలవుతుంది, తిండి కుదుటపడితే ఆగుతుంది.

మెషీన్ ప్యాకేజీ విషయంలో నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. వాళ్లు చెప్తున్నది అల్ట్రాసౌండో, రేడియోఫ్రీక్వెన్సీయో అయి ఉంటుంది. రెండూ చర్మం లోపల వేడి పుట్టించి కొల్లాజెన్‌ని రెచ్చగొట్టేవే. కాస్త వదులైన చర్మానికి కాస్త పనికొస్తాయి. వేళ్లతో పట్టుకుంటే సంచిలా వచ్చే చర్మాన్ని ఏ మెషీనూ కత్తిరించలేదు. పైగా ఆ వేడి కొవ్వు పొరకి తగిలితే ఉన్న కొద్దిపాటి కొవ్వూ కరిగిపోవచ్చు. పీక్కుపోయిన మొహానికి అంతకన్నా అన్యాయం లేదు. గడ్డం కింద కొవ్వు కరిగించే ఇంజెక్షన్ కూడా అంటగట్టబోతారు, ఒప్పుకోకండి. అది కొవ్వున్న మెడకి. మీ దగ్గర మిగిలింది చర్మం. ‘ఈ నెల్లోనే’ అన్న మాట వినగానే లేచి వచ్చేయొచ్చు. మీ చర్మానికి ఆ తొందర లేదు.

ఫిల్లర్లని నేను కొట్టిపారేయను. హయలురోనిక్ యాసిడ్ జెల్‌ని కణతల్లో, బుగ్గల్లో లోతుగా పెడితే చదునైన దిండు కొంత లేస్తుంది, ఆ మేరకు కింద చర్మమూ సర్దుకుంటుంది. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర ఉంటుంది. నచ్చకపోతే ఎంజైమ్ ఇచ్చి కరిగించే వీలుంది. ప్రమాదం కూడా చెప్పాలి: జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళితే ఆ భాగం చర్మం చచ్చిపోవచ్చు, బహు అరుదుగా చూపే పోయిన సందర్భాలున్నాయి. అందుకే ఇది పార్లర్‌లో చేయించుకునే పని కాదు, చర్మవైద్యులో ప్లాస్టిక్ సర్జనో చేయాలి. పాలీ లాక్టిక్ యాసిడ్ అని ఇంకొకటుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకి బుగ్గల్లో కొవ్వు పూర్తిగా కరిగిపోయేది, వాళ్ల కోసం 2004లో అమెరికాలో అనుమతి పొందిన మందు అది. వెంటనే నింపదు, శరీరం చేత నెలల తరబడి మెల్లగా కొల్లాజెన్ చేయిస్తుంది. ఎంజైమ్‌తో కరిగించడం దీనికి కుదరదు. రెంటిలో ఏదైనా, తగ్గిన కొవ్వంతా జెల్‌తో నింపేద్దామని కూర్చుంటే మొహం ఉబ్బినట్టు తయారవుతుంది. అలాంటి మొహాలు టీవీలో చూస్తూనే ఉన్నాం.

మెడకి అసలు మందు సర్జరీ ఒక్కటే. విడిపోయిన ప్లాటిస్మా అంచుల్ని కలిపి కుట్టి, మిగులు చర్మాన్ని చెవుల వెనక నుంచి తీసేస్తారు. మచ్చలు అక్కడే ఉంటాయి. ఫలితం ఏళ్ల తరబడి నిలుస్తుంది. షుగర్ అదుపులో లేకపోతే గాయం మానదు కాబట్టి ఆ విషయంలో మీ ఇప్పటి పరిస్థితి అనుకూలం. మత్తు ఇచ్చే డాక్టరుకి మాత్రం సెమాగ్లుటైడ్ సంగతి తప్పక చెప్పాలి, ఆ మందు మీద ఉన్నప్పుడు కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. ఇది చేయించుకోమని నేను అనడం లేదు, వద్దనీ అనడం లేదు. మెడ మీది చర్మం కోసం కత్తి కింద పడుకోవడం మీకు ఎంత ముఖ్యమో మీకే తెలియాలి.

ఫిల్లర్ అయినా సర్జరీ అయినా, బరువు ఒకచోట నిలిచి ఆరు నెలలయ్యే దాకా ఆగండి. వారానికి అరకిలో పోతున్న మొహానికి ఇవాళ కొలత తీసి నింపితే మూడు నెలల్లో ఆ కొలత తప్పుతుంది. పైగా ఈ ఆరు నెలల్లో చర్మం తనంతట తాను కొంత దగ్గరవుతుంది. మీ వయసులో పూర్తిగా కాదు, కొంత.

ఆగే కాలంలో చేయడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున బయటికెళ్లే ముందు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ మొహానికే కాదు, మెడకీ చెవుల కిందకీ కూడా. రాత్రిళ్లు రెటినాయిడ్ క్రీమ్ (విటమిన్ ఎ రకానిది), మెడ చర్మం పల్చన కాబట్టి వారానికి రెండు సార్లతో మొదలుపెట్టి. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు అది వాడకూడదు. మీకు నెలసరి ఇంకా ఆగలేదు కాబట్టి ఆ మాట డాక్టరుతో మాట్లాడుకోండి. కొల్లాజెన్ ఉన్న క్రీములు కొనకండి, ఆ అణువు చర్మంలోకి దిగేంత చిన్నది కాదు.

ఆ ఫోన్ కెమెరా అలవాటు మాత్రం ఈ రాత్రి నుంచే మానేయాలి. పడుకుని, తల దిండు మీద ముందుకి వంచి, గడ్డాన్ని గొంతుకి ఆనించి చూసుకుంటే ఇరవై ఏళ్ల పిల్లకైనా మెడ ముడతలే కనిపిస్తాయి. దగ్గర నుంచి తీసిన సెల్ఫీలో మొహం కొలతలే మారిపోతాయి. అడుగు దూరం నుంచి తీస్తే, అయిదడుగుల నుంచి చూసినదానికన్నా ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో లెక్కగట్టారు. ఎలాగూ చూసుకోకుండా ఉండలేరు కాబట్టి ఇలా చేయండి: నెలకొకసారి, పగలు, ఒకే కిటికీ దగ్గర, వేరేవాళ్లు అయిదడుగుల దూరం నుంచి తీసిన ఫొటో. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. ఆరు నెలల తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ పన్నెండు ఫొటోలు పనికొస్తాయి.

స్టాఫ్‌రూమ్ ఆవిడకి జవాబు సులువే. ‘షుగర్ కోసం డాక్టరు చెప్తేనే తగ్గాను, టెస్టులన్నీ అయ్యాయి’ అనేయండి, ఒక్కసారి చెప్తే ఊరంతా ఆవిడే చెప్తుంది. మీవారికి ఆ హాస్యం గుచ్చుకుందని చెప్పారా? చెప్పకపోతే ఆయన ఇంకోసారి అంటారు, పాపం తెలియక.

అక్క అన్నది అలా కాదు. ఆ మాట మీ మొహం బాగోలేదని అన్నట్టు మీకు వినిపించింది. ఉత్తరంలో ఇంకోచోట రాశారు, అమ్మ చివరి నాలుగు నెలలూ అక్క దగ్గరే ఉన్నారని. రోజురోజుకీ ఒక మొహం చిక్కిపోవడం ఆవిడ దగ్గరుండి చూశారు. ఇప్పుడు చెల్లెలి కణతలు చూసేసరికి ఆవిడకి అదే గుర్తొచ్చి ఉంటుంది. డాక్టరు దగ్గరికి దవడ కింద గడ్డ చూపించడానికి వెళ్లేటప్పుడు తోడుగా అక్కని తీసుకెళ్లండి. మీ షుగర్ రిపోర్టులు, ఏడు నెలల కిందటిదీ ఇప్పటిదీ, దారిలో ఆవిడ చేతికివ్వండి.